అడిగినవారి ఋణము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను కంప్యూటరు వ్యవస్థకు సామాన్యముగా నొసగుచుండిన రక్షణ సవరణలను మైక్రోసాఫ్టు కంపెనీ నిలిపివేసినది. ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి మరి కొంతకాలము సవరణలు పంపుదుమని చెప్పినను, అది గడువు పొడిగించుటయే కాని చిక్కు తీర్చుట కాదు. విండోస్ 11 కోరు హంగులు లేని యంత్రములు లోకమున కోట్లకొలది యున్నవి. నిన్నటివరకు నిక్షేపముగా పనిచేసిన యంత్రము, ఒక్క మరయైన ఊడకయే, ఒక్క ప్రకటనతో ముసలిదై కూర్చున్నది. దుకాణదారుడు కొత్తది కొనుమనును. జేబు వలదనును. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న గృహస్థులు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు, విద్యార్థులు లైనక్సు అను మూడవ త్రోవను గూర్చి విచారించుచున్నారు.

ఆ త్రోవ ద్రొక్కబోవు ప్రతివాని నోటను ఒకే ప్రశ్న వెలువడును: “పాడైనచో ఎవరి నడుగవలెను?” ప్రశ్న న్యాయమైనదే. డబ్బిచ్చి కొన్న వస్తువునకు అమ్మినవాడు జవాబుదారి. ఉచితముగా వచ్చినదానికి ఎవడు జవాబుదారి? ఈ ప్రశ్నకు లైనక్సు వాడుకరులు ముప్పది యేండ్లకు పైబడి చెప్పుచున్న సమాధానము మిక్కిలి సులభమైనది: “మాలో మేమే.” ఈ సమాధానము వట్టి మాట కాదని చరిత్ర రుజువు చేసినది. కాని ఈ ఏర్పాటు తనంత తాను నిలుచునది కాదు. అడిగి సహాయము పొందినవాడు ఆ ఋణమును తరువాతివానికి తీర్చినంతకాలమే అది నిలుచును. ఈ సంగతిని మన పాఠకుల యెదుట నుంచుట నేడు అవసరమని తలంచితిమి.

లైనక్సు అన నేమియో తెలియనివారికొఱకు రెండు మాటలు. కంప్యూటరు యంత్రభాగములకును మనము వాడు పనిముట్లకును నడుమ నిలిచి రెంటిని నడపు సాఫ్టువేరును ఆపరేటింగు సిస్టము అందురు. దాని నడిబొడ్డున నుండు భాగము కెర్నెలు. లైనక్సు అనునది అట్టి కెర్నెలు. దానిచుట్టును వేలకొలది యితర సాఫ్టువేరులను కూర్చి డెబియన్, ఉబుంటు, ఫెడోరా మొదలగు పేళ్లతో జనులకు పంచుచున్నారు. వీని విశేషము వెల లేకపోవుట కాదు. వీనిని వ్రాసిన మూలప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పరులకు పంచవచ్చును. తాళము వేసిన పెట్టెను బాగుచేయుటకు తాళపుచెవి గలవాడే రావలెను. మూత తెఱచియున్నదానిని పొరుగువాడైనను వంగి చూడగలడు. ఇరుగుపొరుగు సహాయమునకు మొదటి షరతు ఈ తెఱపియే.

ఈ షరతు ఎట్లు పుట్టినదో తలచుకొన్నచో, అదియు ఒక చిన్న యంత్రపు చిక్కునుండియే పుట్టినట్లు తెలియును. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలకు జెరాక్సు కంపెనీవారి లేజరు ప్రింటరు వచ్చెను. కాగితము చిక్కుకొన్న సంగతి దూరమున కూర్చున్నవారికి తెలియకుండెను. పూర్వపు ప్రింటరునకు ఇదే లోపమున్నప్పుడు అచ్చటి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును మార్చి, కాగితము చిక్కినప్పుడు వాడువారికి వార్త పోవునట్లు చేసియుండెను. కొత్తదానికి మూలప్రోగ్రామే రాలేదు. అది తనకడ గల మరియొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఇతరులకు ఇయ్యనని మాట యిచ్చియున్నానని ఆయన నిరాకరించెను. తోటివానికి సహాయము చేయరాదను ఒప్పందము న్యాయమా అను విచారము స్టాల్‌మన్‌ను విడువలేదు. 1983లో గ్నూ అను స్వేచ్ఛా సాఫ్టువేరు యత్నమును ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్‌ను స్థాపించెను. చదువుట, మార్చుట, పంచుట అందరి హక్కుగా నుంచు జీపీఎల్ అను అనుమతిపత్రము 1989లో వెలువడెను.

లైనక్సు సైతము ప్రశ్నతోనే పుట్టినది. 1991 ఆగస్టు 25వ తేదీన ఫిన్‌లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుచున్న ఇరువదియొక్క యేండ్ల లైనస్ టోర్వాల్డ్స్, మినిక్సు అను వ్యవస్థను వాడువారి నుద్దేశించి ఒక లేఖ ప్రకటించెను. తాను సరదాకు ఒక వ్యవస్థను వ్రాయుచున్నానని, మినిక్సులో మీకు నచ్చినవేవి, నచ్చనివేవి చెప్పుడని అడిగెను. అడిగినవాడు పట్టభద్రుడైనను కాలేదు. వినినవారు ముఖమెఱుగని పరదేశీయులు. అయినను జవాబులు వచ్చెను. జవాబుల వెంట దిద్దుబాట్లు వచ్చెను. మరుసటి యేడు లైనక్సును జీపీఎల్ క్రింద విడుదల చేయుటతో, దిద్దినవాని శ్రమ ఒకని సొత్తుగా మారకుండ కట్టుబాటు కలిగెను.

నెట్‌వర్కు సంగతియు ఇట్టిదే. తొలినాళ్లలో లైనక్సునందలి నెట్‌వర్కు భాగము బలహీనముగా నుండెను. వేల్స్‌లోని స్వాన్‌సీ విశ్వవిద్యాలయమున కంప్యూటరు సంఘమువారి యంత్రముపై అలన్ కాక్స్ అను యువకుడు దీనిని నెలకొల్పెను. అచ్చటి నెట్‌వర్కు రద్దీ గలది, వాడువారు పెక్కుమంది. ఒంటరి యంత్రమున కనబడని లోపములన్నియు అచ్చట బయటపడసాగెను. ఆయన వానిని ఓపికతో ఒక్కొక్కటిగా దిద్ది పంపుచుండగా, తుదకు ఆ భాగమును కనిపెట్టుకొనియుండు భారము ఆయనకే దక్కెను. చిక్కుపడినవాడే చిక్కు విప్పుట నేర్చి, విప్పనేర్చినవాడే కాపరి యగుట ఈ లోకపు ధర్మము.

1997వ సంవత్సరపు బహుమానములలో ఇన్ఫోవరల్డ్ అను అమెరికా వారపత్రిక సాంకేతిక సహాయమున ఉత్తమమైనదను గౌరవమును లైనక్సు వాడుకరుల సమూహమునకు ఇచ్చెను. ఈ విషయము నిలిచి ఆలోచింపదగినది. ఆ సమూహమునకు కార్యాలయము లేదు, జీతగాండ్రు లేరు, టెలిఫోను వద్ద కూర్చున్న గుమాస్తా లేడు. లక్షలు వెచ్చించి సహాయశాఖలను నడపు కంపెనీలుండగా బహుమానము అందుకొనుటకు చిరునామాయైన లేని జనసమూహమునకు అది దక్కెను.

ఎట్లు దక్కెను? కారణములు మూడు కనబడుచున్నవి. మొదటిది, ముందు చెప్పిన తెఱపి: లోపము ఎక్కడ నున్నదో లోనికి చూచి చెప్పుట సాధ్యము. రెండవది, చెప్పువాడు ఆ బాధను తాను పడినవాడు. సహాయశాఖ గుమాస్తా కాగితముపై వ్రాసి యిచ్చిన ప్రశ్నలను వరుసగా చదువును. పొరుగువాడు “నాకును నిరుడు ఇట్లే జరిగినది, ఇది చేసి చూడుము” అనును. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ప్రశ్నయు జవాబును పదిమంది యెదుట జరిగి, అట్లే నిలిచియుండును. టెలిఫోనులో చెప్పిన జవాబు ఒక్కనికి ఉపకరించి గాలిలో కలియును. బహిరంగముగా వ్రాసిన జవాబు నేడు ఒకనికి, ఎల్లుండి వేయిమందికి ఉపకరించును. 1990ల ఆరంభమునుండి లైనక్సు డాక్యుమెంటేషన్ ప్రాజెక్టువారు “ఇది చేయుట ఎట్లు” అను వరుసలో వ్రాసిన చిన్న పుస్తకములును, నేడు ఆర్చ్ లైనక్సువారు నడపు వికీయు ఇట్టి జవాబులను కూర్చి కట్టిన ధాన్యపు కొట్లు. ఆర్చ్‌ను వాడనివారును చిక్కు కలిగినప్పుడు ఆ వికీనే తెఱచి చూచుట పరిపాటి.

సహాయము ఎట్లు జరుగునో ఒక ఉదాహరణముతో చూపుదుము. కొత్తగా లైనక్సు నెలకొల్పినవాడు “ఇంటర్నెట్టు రావడము లేదు” అని వ్రాయును. ఈ మూడు మాటలతో ధన్వంతరియైనను వైద్యము చేయలేడు. అనుభవశాలి మెట్లు మెట్లుగా అడుగును. యంత్రము తన నెట్‌వర్కు కార్డును గుర్తించినదా? గుర్తించినచో ఇంటిలోని రౌటరునుండి దానికి ఒక ఐపీ చిరునామా వచ్చినదా? వచ్చినచో రౌటరునకు పింగ్ పంపినప్పుడు బదులు వచ్చుచున్నదా? వచ్చుచున్నచో వెలుపలి యొకానొక సంఖ్యా చిరునామాకు పంపిన పింగ్‌నకు బదులున్నదా? అదియు నున్నచో పేరును చెప్పినప్పుడు ఆ పేరు సంఖ్యగా మారుచున్నదా? మొదటి మెట్టు తప్పినచో కార్డునకు తగిన డ్రైవరో ఫర్మువేరో లేదు. రెండవది తప్పినచో రౌటరుతో సంధానము కుదురలేదు. మూడవది తప్పినచో దోషము ఇంటిలోపలిదే. నాలుగవది తప్పినచో గడప వెలుపల విచారింపవలెను. సంఖ్యకు బదులు వచ్చి పేరునకు రాకున్నచో దోషము డీఎన్ఎస్‌లో నున్నది, అనగా వీధులన్నియు బాగుగనే యున్నవి, ఊరి చిట్టామాత్రము పోయినది. ఒక్కొక్కప్పుడు ఇన్ని మెట్లు దిగిన తరువాత ల్యాపుటాపు ప్రక్కనున్న వైర్‌లెస్ మీట ఆపివేయబడియున్నదని తేలును. అప్పుడు నవ్వుకొనుటయు పరస్పర సహాయములో నొక భాగమే.

ఈ ప్రశ్నోత్తరములో జరిగినది వట్టి మరమ్మతు కాదు. అడిగినవాడు తన యంత్రము ఎట్లు లోకముతో మాటాడునో తెలిసికొన్నాడు. మరునాడు పొరుగింటివాడు ఇదే ప్రశ్న అడిగినచో, ఈ మెట్లను తానే దింపగలడు. దుకాణములో యంత్రమును అప్పగించి సాయంకాలము తెచ్చుకొన్నవానికి పని జరుగును, విద్య మాత్రము దుకాణములోనే నిలిచిపోవును.

అడుగుట యొక విద్య. ఎరిక్ రేమండ్ అను ప్రోగ్రామరు 2001లో దీనిని గూర్చి ఒక దీర్ఘవ్యాసమే వ్రాసెను. దానిలోని స్వరము కొంత కఠినమని తలంచువారున్నను, సారము గ్రాహ్యము. అడుగుటకు ముందు వెదకవలెను. ఏ పంపిణీ, ఏ వెర్షను, ఏ కార్డు అను వివరములు చెప్పవలెను. యంత్రము చూపిన తప్పుసందేశమును తన మాటలలో గాక ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయవలెను. “ఏదో ఎఱ్ఱ అక్షరాలు వచ్చినవి” అనుట వైద్యునితో “ఎక్కడనో నొప్పి” అనుట వంటిది. ఏమేమి చేసి చూచెనో, ఎప్పటినుండి చెడినదో, చెడుటకు ముందు ఏమి మార్చెనో చెప్పవలెను. కెర్నెలు తనకు తాను వ్రాసికొను దినచర్యలోని సంబంధించిన పంక్తులను చూపవలెను. అయితే వైర్‌లెస్ రహస్యపదములను, స్వంత వివరములను మాత్రము పదిమంది యెదుట పెట్టరాదు.

చెప్పుటయు అంతకంటె పెద్ద విద్య. ఈ విషయమున లైనక్సు సమూహము నిందకు అతీతము కాదు. “మాన్యువలు చదువుకో” అని తలుపు మూసిన అనుభవజ్ఞులు ఎందఱో కలరు. మాన్యువలు చదువుమనుట తప్పు కాదు, ఏ మాన్యువలులో ఏ పుట చదువవలెనో చెప్పకుండుట తప్పు. తెలియనివానిని నవ్వులపాలు చేయుటకు ఫైళ్లన్నియు తుడిచివేయు ఆజ్ఞను మందుగా చెప్పిన దుర్మార్గులును లేకపోలేదు. అందుచేత అర్థము తెలియని ఆజ్ఞను యంత్రమునకు ఈయరాదనుట కొత్తవారు మొదట నేర్వవలసిన పాఠము. టోర్వాల్డ్స్ అంతటివాడు తన పరుషవాక్యములు తోటివారిని నొప్పించినవని 2018 సెప్టెంబరులో బహిరంగముగా క్షమాపణ చెప్పి, కొంతకాలము పనినుండి తొలగియుండెను. కెర్నెలు సమూహము అదే సమయమున ప్రవర్తనా నియమావళిని కొత్తగా ఏర్పరచుకొన్నది. విద్య ఎంత గలదైనను వినయము లేనిచోట అడుగువాడు రెండవమారు రాడు. అడుగువారు రానిచోట రేపటి చెప్పువారు పుట్టరు.

ఇక అన్నిటికంటె పెద్ద అపరాధము పరుషవాక్యము కాదు, మౌనము. ఒకడు తన చిక్కును సవిస్తరముగా వ్రాయును. పదిమంది తలలు బద్దలుకొట్టుకొని ఉపాయములు చెప్పుదురు. రెండు దినముల తరువాత అతడు “సరియైనది, కృతజ్ఞతలు” అని వ్రాసి మాయమగును. ఏది చేయగా సరియైనదో చెప్పడు! ఐదేండ్ల తరువాత అదే చిక్కుతో అర్ధరాత్రివేళ వెదకుచు వచ్చిన మరియొకనికి ఆ పుట కనబడును. దాహముతో బావియొద్దకు వచ్చి చేద లేదని తెలిసికొన్నవాని దుఃఖము వానిది. నాలుగు పంక్తులు వ్రాయుటకు నాలుగు నిమిషములు చాలును. ఆ నాలుగు నిమిషములే మేము చెప్పు ఋణము.

పరస్పర సహాయముతో సర్వమును సాధ్యమని మేము అనము. 1990ల చివర “విన్‌మోడెములు” అను ఒక తరగతి మోడెములు వచ్చెను. అవి తాము చేయవలసిన పనిని విండోస్ సాఫ్టువేరుపై మోపినవి. లైనక్సు వాడుకరులు వానితో పడిన పాట్లు అన్నియిన్ని కావు. తరువాత వైర్‌లెస్ కార్డుల వంతు వచ్చినది. బ్రాడ్‌కామ్ కంపెనీ తన చిప్పుల వివరములను దాచియుంచినంతకాలము స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చీకటిలో తడవుకొనుచు డ్రైవర్లు వ్రాసిరి. 2010లో ఆ కంపెనీ తన కొత్త చిప్పులలో కొన్నింటికి బహిరంగ డ్రైవరు నిచ్చినది. డెబియన్‌వారు ఫర్మువేరు విషయమున చిరకాలము తర్కించి, 2022లో ఓట్లు వేసికొని, 2023లో వెలువడిన పన్నెండవ వెర్షనులో స్వేచ్ఛా నియమములకు లోబడని ఫర్మువేరును సైతము నెలకొల్పు పళ్లెములోనే చేర్చిరి. ఇది సిద్ధాంతమునకు హాని యని కొందఱును, కొత్తవాని మొదటి గంట వ్యర్థము కాకుండుటకు అవసరమని కొందఱును వాదించిరి. ఇరువురి మాటలోను సత్యము కలదు. తయారుచేయువాడు వివరము దాచినచోట పొరుగువాని సహృదయము మాత్రమే చాలదనుట స్పష్టము. కావున యంత్రము కొనునప్పుడే అది లైనక్సుతో పనిచేయునా యని విచారించుట వివేకము.

బ్యాంకులకు, ఆసుపత్రులకు పొరుగువాని తీరికపై ఆధారపడుట తగునా యని అడుగువారున్నారు. తగదు. అట్టివారికొఱకు రెడ్ హ్యాట్, సూసె, కెనానికల్ మొదలగు కంపెనీలు ధనము గైకొని సహాయము చేయుచున్నవి. అందులో తప్పేమియు లేదు. కాని ఆ కంపెనీల ఉద్యోగులు సైతము లోపముల జాబితాను తెఱచునది బహిరంగముగనే, దిద్దుబాట్లను సమర్పించునది పదిమంది యెదుటనే. లోపముల జాబితాను ప్రజలనుండి దాచమని డెబియన్‌వారు 1997లో తమ సామాజిక ఒడంబడికయందే వ్రాసికొనిరి. నేడు లోకమందలి అతివేగవంతములైన ఐదువందల కంప్యూటర్ల పట్టికలో నున్నవన్నియు 2017 నవంబరునుండి లైనక్సు మీదనే నడచుచున్నవి. కోట్లమంది చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకును ఈ కెర్నెలే ఆధారము. ఇంత పెద్ద మేడకు పునాది ఆ బహిరంగ ప్రశ్నోత్తరములు.

పునాది మోయువారి సంగతి చూతము. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న సాఫ్టువేరు లెక్కలేనన్ని లైనక్సు యంత్రములలో గలదు. దానిని ప్రధానముగా ఒక్క స్వచ్ఛంద సేవకుడు తన తీరిక వేళలలో చూచుకొనుచుండెను. పనులు ఆలస్యమగుచున్నవని కొన్ని పేళ్లతో ఒత్తిడులు వచ్చినవి. సహాయము చేయుదునని మరియొక పేరుతో ఒకడు వచ్చి, రెండేండ్లకు పైగా మంచివాడై మెలగి, నమ్మకము సంపాదించి, తుదకు దూరపు యంత్రములలోనికి దొంగదారి కల్పించు కోడును అందులో దాచెను. 2024 మార్చి 29వ తేదీన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ప్రోగ్రామరు దీనిని బయటపెట్టెను. ఆయనకు అనుమానము కలిగించినది దూరపు యంత్రములో ప్రవేశించుటకు ఇంచుమించు అర క్షణము ఆలస్యమగుట! ఆ అర క్షణము ఎందుకని అడిగినవాడొకడుండుట చేతను, లోనికి చూచుటకు కోడు తెఱచియుండుట చేతను, పెక్కు వ్యవస్థల స్థిరమైన వెర్షనులకు అది చేరకమునుపే పట్టుబడెను. ఇందులో రెండు పాఠములున్నవి. బహిరంగముగా జరుగు పని దోషమును త్వరగా పట్టియిచ్చును. కాని అలసిన ఒక్కని భుజముపై వేలమంది భారము మోపినచో, సహాయపు వేషమున ద్రోహము ప్రవేశించుటకు సందు దొరకును. తీసికొనువారు లక్షలు, ఇచ్చువారు పదులు అయినచో ఏ ధర్మసత్రమైనను ఎంతకాలము నడచును?

ఇప్పుడు మరియొక మార్పు వచ్చినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, జనులు తమ చిక్కులను తోటివారి నడుగుటకు బదులు కృత్రిమ మేధ నడుగుచున్నారు. అది విసుగుకొనదు, పరిహసింపదు, అర్ధరాత్రియైనను పలుకును. ఇంగ్లీషు సరిగా రానివాని ప్రశ్ననుగూడ గ్రహించును. ఈ మేలును కాదనుట మూర్ఖత్వము. అయినను రెండు సంగతులు మఱవరాదు. ఆ యంత్రము చెప్పు జవాబులలో ఎన్నో పూర్వము పేరెఱుగని పొరుగువారు బహిరంగముగా వ్రాసిపెట్టినవానినుండి నేర్చినవే. అది లేని ఆజ్ఞను ఉన్నట్లు ధీమాగా చెప్పుటయు కలదు. బహిరంగముగా చెప్పినవాని తప్పును పదకొండవవాడు దిద్దును, ఏకాంతమున చెప్పిన తప్పును దిద్దువా రెవరు? 2008 నుండి ప్రోగ్రామర్లకు ప్రశ్నోత్తరశాలగా నున్న స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు ఈ కొద్ది సంవత్సరములలో మిక్కిలి తగ్గిపోయినవి. నేడు విడుదలైన కార్డునకు నేడు కలిగిన చిక్కును ఎవడును బహిరంగముగా వ్రాయనిచో, రేపు ఆ మేధ మాత్రము ఎక్కడ నేర్చును? ఏకాంతమున అడిగి పొందిన జవాబును పరీక్షించి, పనిచేసినదానిని పదిమంది చూచు తావున వ్రాసిపెట్టుట ఇప్పటి వాడుకరి విధి.

ఇక మన సంగతి. తెలుగువారికి ఈ విషయమున ఇతరులు తీర్చలేని చిక్కులున్నవి. కంప్యూటరు తెరపై వత్తు తన తావున నిలువక ప్రక్కకు జరిగినచో, గుణింతము అక్షరమునుండి విడిపోయినచో, హెల్సింకీలోని ప్రోగ్రామరునకు అది తప్పని తెలియుట యెట్లు? ఆ లోపమును చూచి, చిత్రముతో సహా వివరించి నివేదింపవలసినవాడు తెలుగు చదువరియే. ఈ పని చేసినవారు మనలో లేకపోలేదు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అను ఫాంటులను రూపొందించి జనులకు స్వేచ్ఛగా ఇచ్చెను. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేయు లైనక్సును కూర్చిరి. కళాశాలలలో విద్యార్థులచేత దీనిని నెలకొల్పించి నేర్పిరి. గ్నోమ్, కేడీఈ తెరలపై నేడు కనబడు తెలుగు మాటలు స్వచ్ఛంద సేవకుల చలవయే. కాని వైర్‌లెస్ రాకున్నచో ఏమి చేయవలెనో సరళమైన తెలుగులో వ్రాసిన పుటలు ఎన్ని యున్నవి? తెలుగువాడు తెలుగువానికి ఇంగ్లీషులో జవాబు చెప్పుటయే అలవాటైనది. ఇంగ్లీషు రాని వడ్రంగి, దర్జీ, పాల కేంద్రపు గుమాస్తా తన ప్రశ్నను నోటిలోనే మ్రింగుచున్నాడు. పొరుగున కేరళ పాఠశాలలలో ఉపాధ్యాయులకే శిక్షణ యిచ్చి, వారే ఒకరికొకరు తోడై ఈ వ్యవస్థను నడుపుకొనుచుండుట మనకు ఆదర్శము కాదగును.

మనకు సాధనములు లేక కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము నెలకొన్నవి. 1914లో బెజవాడలోనే అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. చదువు వచ్చినవాడు రానివానికి చదివి వినిపించుట ఆ పఠనమందిరముల ధర్మముగా నుండెను. ఆ ధర్మమునే నేడు కంప్యూటరునకు ఏల వర్తింపజేయరాదు? ప్రతి పట్టణపు గ్రంథాలయములోను వారమున కొక సాయంకాలము, రెండు గంటలు, ఒక బల్ల చాలును. ఊరిలోని ఇంజనీరింగు విద్యార్థి ఒకడు, ఓపికగల ఉద్యోగి ఒకడు కూర్చుండవలెను. పాత యంత్రము పట్టుకొని వచ్చినవానికి మొదట అతని ఫైళ్లకు నకలు తీయించి, పిమ్మట పెన్‌డ్రైవునుండి లైనక్సును తాత్కాలికముగా నడిపి, వైర్‌లెస్సు, ధ్వని, ప్రింటరు పనిచేయుచున్నవో లేదో చూపి, అతడు ఒప్పుకొన్న తరువాతనే నెలకొల్పవలెను. ఆ సాయంకాలము వచ్చిన చిక్కును, విప్పిన విధమును ఒక పుస్తకమున తెలుగులో వ్రాసి, అందరును చూచునట్లు ప్రకటింపవలెను. ఏడాదిలో ఏబది సాయంకాలములు. ఏబది సాయంకాలములలో ఆ ఊరి చిక్కులలో ముఖ్యమైనవన్నియు ఆ పుస్తకమున కెక్కును. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు, చందాపుస్తకము అక్కఱలేదు.

సహాయము పొందినవాడు డబ్బు చెల్లింపనక్కఱలేదు. చెప్పినవాని ముఖము చూడకపోవచ్చును, పేరైనను తెలియకపోవచ్చును. అట్టి ఋణమును ఇచ్చినవానికి తిరిగి ఇయ్యలేము. వెనుక వచ్చువానికే తీర్చగలము. తన చిక్కు తీరిన విధమును నాలుగు పంక్తులలో వ్రాయుట, తాను మొన్న నేర్చినదానిని నేడు అడిగినవానికి విసుగుకొనక చెప్పుట, తాను వాడు సాఫ్టువేరునందలి లోపమును సక్రమముగా నివేదించుట, శక్తి గలవాడు దానిని మోయు సేవకులకు ధనసహాయము చేయుట, ఇవియే వాయిదాలు. ఈ వాయిదాలు చెల్లుచున్నంతకాలము “పాడైనచో ఎవరి నడుగవలెను?” అను ప్రశ్నకు జవాబు దొరకుచునే యుండును. ఈ వారము లైనక్సు నెలకొల్పిన మన పాఠకుడు తన మొదటి చిక్కును విప్పుకొన్న నాడే, దానిని తెలుగులో వ్రాసి, పదిమంది చూచు తావున నుంచుగాక.